గాజు మీద ఘాటు

మా కొట్లో ఇప్పటికి ఐదు కీబోర్డులు పోయాయి.
అన్నిటికీ ఒకటే జబ్బు, మిరప దుమ్ము.
ముందు స్పేస్‌బార్ దగ్గుతుంది,
తర్వాత ఎంటర్ పట్టేస్తుంది,
ఆఖరికి ఏ అక్షరం నొక్కినా
పక్కక్షరం తుమ్ముతుంది.

గుంటూరు యార్డులో జనవరి నుంచి మే దాకా
గాలి కూడా ఎర్రగానే ఉంటుంది.
టిక్కీ విప్పిన ప్రతిసారీ
నా కొంగు దానంతటదే ముక్కు మీదికి పోతుంది.
వేళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి?
కాటా లెక్క, కమీషను, హమాలీ కూలి,
రైతు పేరు, ఊరు, వరసగా కొట్టాలి.
పట్టీ చేతిలో పడందే ఎవరూ కదలరు.

ఆరోది కొననన్నాడు షావుకారు.
అరండల్‌పేట నుంచి నాగుల్‌మీరా వచ్చి
ఎవరో తీసేసిన టచ్ స్క్రీన్ బల్ల మీద పెట్టి
అందులో లినక్స్ ఎక్కించి
"ఇక మీటల్లేవు మేడమ్,
దుమ్ము దూరే సందే లేదు" అన్నాడు.
గాజు అడుగునుంచి అక్షరాలు పైకొచ్చాయి.
నెల రోజులు
షావుకారు కంటే దర్జాగా బతికాను.

ఆ మంగళవారం కరెంటు పోయి వచ్చింది.
తెర మీద పేరిందేవి అని నా పేరు,
కింద సన్నటి గడి,
గడిలో మిణుకుమనే గీత.
పాస్‌వర్డ్ చెప్పమంటోంది.
చెప్పడానికి నోరేదీ?
కీబోర్డు రాలేదు.
గడిని తాకాను. మళ్లీ తాకాను. పొడిచాను.
అటక మీంచి పాత శవాన్నొకదాన్ని దించి తగిలిస్తే
దానికి 'ఏ' పడదు, 'ఈ' పడదు.
నాకా రెండూ కావాలి.

దాచేపల్లి నుంచి రాత్రంతా లారీ మీదొచ్చిన గురవయ్య
పట్టీ కోసం గుమ్మంలో నిలబడున్నాడు.

ఫోన్లో నాగుల్‌మీరా:
"మీరింకా లోపలికి రాలేదు కదా మేడమ్.
మీ కీబోర్డు మీ సెషన్లో ఉంది.
గుమ్మంలో ఉన్నవాడు వేరే మనిషి, లాగిన్ మేనేజర్.
మీరు లోపల పెట్టుకున్న సామాను వాడికి తెలీదు."
అంటే తాళంచెవి ఇంట్లో పెట్టి
తలుపు లాగేసుకున్నట్టు.
"లాగేసుకున్నట్టే. కాకపోతే
వాడి దగ్గర వాడిదొకటి ఉంటుంది.
పైన కుడి మూల చూడండి, మనిషి బొమ్మ."

ఉంది.
చేతులు రెండూ చాచి నిలబడ్డ బొమ్మ.
రోజూ చూస్తూనే ఉన్నాను.
చెయ్యి ఆడనివాళ్లకీ చూపు ఆననివాళ్లకీ అని ఎక్కడో విని
నాక్కాదులే అనుకున్నాను.
వీపు మీదికి టిక్కీ ఎత్తించుకునే ముందు
హమాలీ ఏసుపాదం సరిగ్గా అట్లాగే నిలబడతాడు.
తాకాను.
ఒక జాబితా దిగింది, ఒక మీట జరిగింది,
తెర అడుగునుంచి నల్లగా లేచింది కీబోర్డు,
నా దానికన్నా పెద్దది.

ఇక కొట్టడమే.
కానీ గాజు కీబోర్డుకి గుట్టు లేదు.
గడిలో చుక్కలే పడతాయి,
వేలి కింద మాత్రం అక్షరమక్షరం వెలుగుతుంది.
గురవయ్య ఎప్పుడొచ్చాడో, నా భుజం వెనకే ఉన్నాడు.
జరగమనాల్సింది. అనలేదు.
టీ. ఈ. జే. ఏ.
రెండు. ఆరు. ఐదు. సున్నా. సున్నా.

ఆయన పెదాలు కదిలాయి.
"ఇరవయ్యారు వేల ఐదొందలు.
తేజ. ఆ రోజు నేనిక్కడే ఉన్నా.
ఇంకా పెరుగుద్దని
నా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇంటికి పొయ్యా."

లోపలికి వెళ్లాను.
పట్టీ కొట్టాను.
ఇవాళ్టి రేటు కొట్టేటప్పుడు
వేలి కింద ఆ అంకెలూ వెలిగాయి,
అదే వెలుగు, అంతే వెలుగు.
ఆయన మాత్రం గోడ మీది
ఎరువుల కంపెనీ క్యాలెండరు చూస్తున్నాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ
"అది మార్చమాక తల్లీ" అన్నాడు.

మార్చాను.
కొత్తదాన్లో అంకెల్లేవు.
ఇప్పుడు పొద్దున రాగానే ముందు ఆ బొమ్మను తాకుతాను.
సాయంత్రం గాజు తుడుస్తాను, గుడ్డ ఎర్రబడుతుంది.
కళ్లు తుడుచుకునేది ఆ గుడ్డతో కాదని
రోజుకొకసారైనా మర్చిపోతాను.