వెంట్రుకవాసి

మొదటి నెలంతా నా చేతికి పెన్ను ఇవ్వలేదు.
సుత్తి, స్పానరు, ఎర్ర జెండా,
తగరపు డబ్బాలో పది పటాకీలు ఇచ్చారు.
"బీటెక్కు బిట్రగుంటలో దిగిందిరోయ్" అన్నారు గ్యాంగులో ఎవరో.
నవ్వులో నేనూ కలిశాను, వేరే దారి లేక.

పొద్దున ఐదున్నరకి కీమన్ మస్తానయ్య ముందు, నేను వెనక.
అల్లూరు రోడ్డు వైపు నడక.
స్లీపరుకీ స్లీపరుకీ ఆయన అంగ సరిగ్గా అతుకుతుంది.
నాకు ఒక్కోటి దాటితే తక్కువ, రెండేసి దాటితే ఎక్కువ.
కంకర మీద ఎట్లా నడవాలో పుస్తకంలో లేదు.

పుస్తకంలో ఉన్నది
పదహారు వందల డెబ్బై ఆరు మిల్లీమీటర్లు,
ఈ పట్టాకీ ఆ పట్టాకీ మధ్య.
మస్తానయ్య ఒక కన్ను మూసి చెప్తాడు:
"రెండు మిల్లీలు ఎడం."
నేను గేజి పెట్టి చూస్తే మూడు.
"నీ గేజి పాతబడింది పాపా,
ఆఫీసులో చెప్పి మార్పించుకో."

ఎడమ పక్క రొయ్యల గుంటల్లో ఏరేటర్లు
రాత్రంతా తిరిగి ఇంకా తిరుగుతుంటాయి.
ఆ నీచు వాసన, గ్రీజు వాసన, నా టిఫిను డబ్బాలో ఎండు రొయ్యల పొడి,
మధ్యాహ్నానికి ఏది ఏదో తెలియదు.
మే నెల. పట్టాకి అంటించిన థర్మామీటరు
అరవై దాటి ఎక్కడ ఆగాలో ఆలోచిస్తోంది.

ఆ రోజే చూశాను.
అతుకు పక్కన, తెల్ల రంగు నంబరు కింద,
పట్టా నడుం మీద సన్నగా, నల్లగా, కొంచెం వంపు తిరిగి
ఒక గీత.
క్లాసులో చెప్పింది ఇదే. వెంట్రుకవాసి పగులు.
ఇదే ఒకనాటికి పట్టాని రెండు చేస్తుందని
బోర్డు మీద గీసి మరీ చూపించారు.

మస్తానయ్య అరకిలోమీటరు ముందున్నాడు.
దూరంగా కృష్ణపట్నం బొగ్గు బండి
ఎండలో కరిగిపోతున్నట్టు వస్తోంది.
జెండా విప్పి పరిగెత్తాను.
పటాకీ బిగించానో లేదో గుర్తులేదు.
పేలింది కాబట్టి బిగించే ఉంటాను.

యాభై ఎనిమిది పెట్టెలు
ఒకదాన్నొకటి గుద్దుకుంటూ నిలబడ్డాయి.
డ్రైవరు దిగాడు, మస్తానయ్య రొప్పుతూ వచ్చాడు,
మోకాళ్ల మీద కూర్చుని చూశాడు, గోటితో గీరాడు.
గీత లేచి వచ్చింది.

గ్రీజులో అంటుకున్న వెంట్రుక.
మూరెడు పొడుగు.
ఆ గ్యాంగులో అంత జడ నాకొక్కదానికే.

పదకొండు నిమిషాలు.
విజయవాడ కంట్రోలు ఫోనులో అరుస్తుంటే
సెక్షను ఇంజనీరు దయానిధి గారు
రిసీవరు చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నారు.
"కారణం రాయమ్మా."
రాశాను: వెంట్రుక.
ఆయన అది కొట్టేసి, పైన తనే రాశారు: అనుమానం.
ఆ నెలలో నేను పెన్ను పట్టింది అదొక్కసారే.

తిరుగుదారిలో మస్తానయ్య మైలు దూరం ఏమీ మాట్లాడలేదు.
తర్వాత బీడీ వెలిగించి,
"తొంభై ఆరులో నేనూ ఆపినా. మెయిలుని.
పట్టా విరిగుండాదని."
"విరగలేదా?"
"విరిగే ఉండాది.
అయినా పన్నెండు నిమిషాలు ఎందుకైందంటా అడిగినారు."

మర్నాడు గ్యాంగులో కామాక్షమ్మ
మాటా పలుకూ లేకుండా వెనక నుంచి వచ్చి
నా జడ ముడేసి, తన తువ్వాలుతో తలంతా బిగించి కట్టింది.
నొప్పి పుట్టేంత గట్టిగా.
"ఇంక బండ్లు పోతాయిలే" అంది.

అదే అతుకు దగ్గర ఆగాను.
అదే నంబరు.
చేత్తో తుడిచి చూశాను, ఏమీ లేదు.
నాలుగడుగులు వేశాక
వెనక్కొచ్చి
మళ్లీ తుడిచాను.