రెండున్నర టీలు

బుర్సా ఊరి చివర, మూడో షెడ్డులో
నూట అరవై టన్నుల ప్రెస్సు మీద
కారు తలుపులకు కీలు పట్టీలు గుద్దేవాడు తుంజాయ్.
పక్క మిషను నాది.

ఆ ప్రెస్సుకి రెండు పచ్చ బటన్లు.
రెండు చేతులూ వాటి మీద ఉంటేనే
పైనున్న బరువు కిందికి దిగాలి.
చేతులు ఇంకెక్కడా ఉండకూడదని
ఎవరో తెలివైనవాడు చేసిన ఏర్పాటు.
దాన్ని దాటడానికి ఒక్క అగ్గిపుల్ల చాలు.
బటను నొక్కి సందులో పుల్ల దోపితే
ఒక చెయ్యి ఖాళీ.
గంటకు నాలుగు వందల పట్టీలు కాస్తా ఆరు వందలు.

ఖాళీ చెయ్యి ఊరికే ఉంటుందా?
రేకు సర్దింది, నూనె తుడిచింది,
అచ్చులో ఇరుక్కున్న ముక్కను గోటితో లేపింది.
పదకొండు నెలలు ఏమీ కాలేదు.

మంగళవారం, టీకి ఇంకా పది నిమిషాలుందనగా
ప్రెస్సు చప్పుడు ఒక్కసారి
మెత్తగా వినిపించింది.
అంతే.
తల తిప్పేలోగా నేను ఇంకో మూడు పట్టీలు గుద్దాను.

ఐదు వేళ్ళూ నోట్లోకి పోవాలనే కదా
మిషను నోట్లో చెయ్యి పెట్టేది.
చూపుడు వేలు, నడిమి వేలు,
ఉంగరపు వేలు సగం.

ఉంగరం మాత్రం బతికింది.
ఎర్ర రిబ్బను కట్టి నూర్షెన్ వాళ్ళు తొడిగింది.
మా దగ్గర నిశ్చితార్థానికి కుడి చేతికి,
పెళ్ళినాడు ఎడమ చేతికి.
షిఫ్టుకు ముందు విప్పి
లాకర్లో సబ్బు పెట్టెలో దాచేవాడు.
ఇనుము ఉంగరాన్ని పట్టి లాగుతుందని ఫోర్‌మన్ చెప్పాడు మరి.
ఆ జాగ్రత్త వాడెప్పుడూ తప్పలేదు.

రిపోర్టులో ‘పనివాడి అజాగ్రత్త’ అని రాశారు.
సాక్షి గడిలో సంతకం నాది.

జూన్‌లో తిరిగొచ్చాడు, స్టోరు గదికి.
గేటు దగ్గర హాజరు మిషను ముందు
అలవాటుగా, లేని వేలు చాపాడు.
మళ్ళీ ప్రయత్నించండి, అంది అది, మర్యాదగా.

షెడ్డు మోతలో మాట వినపడదు.
టీ కుర్రాడు ఎమ్రుల్లా దూరం నుంచి వేళ్ళు లెక్కపెట్టి
గ్లాసులు తెస్తాడు.
తుంజాయ్ ఆ చెయ్యే ఎత్తాడు.
కుర్రాడు రెండు నిండు గ్లాసులు,
ఒక సగం గ్లాసు తెచ్చాడు.

ఎవరూ ఊపిరి తీయలేదు.
ముందు తుంజాయే నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంతగా.
నవ్వుతూనే ఆ సగం గ్లాసు
నా వైపు జరిపాడు.

పుల్ల నా అగ్గిపెట్టెలోది.
చేరిన మొదటి వారం, లెక్క అందక
వాడు పెదవి కొరుక్కుంటుంటే
ఇలా చెయ్యి తమ్ముడూ అని
నేనే దోపి చూపించాను.

సగం గ్లాసు నాకే ఎందుకు జరిపావని
ఇప్పటికీ అడగలేదు.