అరవై ఐదు దగ్గర

ఎండాడ నించి రుషికొండ వైపు దిగాక
సముద్రం కనపడకముందే వాసన తగిలే చోట
ముల్లు అరవై ఐదు మీదికొస్తుంది.
అప్పుడే మొదలు.
కుదుపు అనలేను, దడ అనలేను.
చలిజ్వరం పట్టినవాడు పళ్ళు బిగించి
ఏం లేదు, ఏం లేదు అంటున్నట్టు
సీటు కింద నించి ఒక వణుకు.
నాలుగు లెక్కపెట్టేసరికి పోతుంది.
నెల్లాళ్ళు రోడ్డుని అనుమానించాను.
రోడ్డుకి కొత్త తారేశారు.

పద్నాలుగేళ్ళ బండి. లక్షా ఎనభై వేలు తిరిగింది.
తలుపు అంచులు ఉప్పుగాలి కొరికేసింది,
అది ఈ ఊళ్ళో ఎవరైనా కట్టాల్సిన పన్నే.
నాకు ముందు దీన్ని నడిపినాయన
షిప్‌యార్డులో వెల్డింగు ఇన్‌స్పెక్టరు.
ఇంజనాయిలు తేదీలన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసిపెట్టాడు.
గేరాయిలు గడిలో మాత్రం ఒకే మాట:
జీవితాంతం.
ఎవరి జీవితమో రాయలేదు.

గాజువాక ఆటోనగర్లో మొదటి షెడ్డువాడు
గేరుపెట్టె మొత్తం దించాలన్నాడు, లక్షా పదివేలన్నాడు,
టీ కూడా తెప్పించాడు.
రెండోవాడు ముట్టుకోవద్దన్నాడు:
"ఆ మడ్డే దాన్ని పట్టి ఉంచింది మేడమ్.
కడిగితే ఉన్నచోటే ఆగిపోద్ది."
దాలినాయుడు ఏమీ అనకుండా పక్క సీట్లో కూచున్నాడు.
షీలానగర్ దాటాక కళ్ళు మూసుకున్నాడు.
వచ్చింది.
"ఇదేనేటమ్మా? పళ్ళు అరగడం కాదిది.
లోపల ఒక పళ్ళెం ఇంకో పళ్ళేన్ని పట్టుకోబోయి జారిపోతంది.
పట్టూ కాదు, వదులూ కాదు."

నాది పెద్దాసుపత్రి ల్యాబ్.
ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాళ్ళ ఎరుపు చూసి
పొట్ట పోసుకుంటున్నాను.
ట్రేలోంచి ఒక చుక్క వడపోత కాయితం మీద వెయ్యమన్నాను.
మధ్యలో నలుపు, చుట్టూ కాఫీ మరక,
ఎరుపు జాడ ఎక్కడా లేదు.
మాడిన పోపు వాసన.
అయస్కాంతానికి అంటిన బూడిదరంగు ముద్దని
వేళ్ళ మధ్య నలిపి చూశాడు నాయుడు.
"గరుకు లేదు. బతుకుద్ది."

పదిలో నాలుగు లీటర్లే దిగాయి.
మిగతాది కన్వర్టరు కడుపులో ఉండిపోయింది.
అదీ లాగెయ్యొచ్చుగా అన్నాను.
"ముసిల్ది కదమ్మా, ఒక్కపాలి ఎందుకు?
ఈ నాలుగూ పోసి పంపుతాను.
ఐదొందల కిలోమీటర్లు తిరిగి రండి, మళ్ళీ నాలుగు."
ఇదే మాట నేను వార్డులో విన్నాను, వేరే గొంతుతో.
రక్తం బాగా పడిపోయినవాళ్ళకి
సీసా తర్వాత సీసా,
మధ్యలో ఒక రాత్రి ఆగి.

మొదటిసారి తర్వాత వణుకు రెండు లెక్కలకి తగ్గింది.
రెండోసారి తర్వాత, ముసురు పట్టిన రోజు,
హనుమంతవాక ఎత్తు మీద ఇంకా ఎక్కువే వణికింది.
ఆ రాత్రి రెండో షెడ్డువాడే నిజమేమో అనిపించి
నిద్ర పట్టలేదు.

వంటింటి కిటికీలో మూడు సీసాలు.
ఒకటి డికాషను, ఒకటి పల్చటి టీ,
ఒకటి దానిమ్మ రసానికి కొంచెం ఇవతల.
అలవాటు కొద్దీ చీటీలు అంటించాను,
పేరు, వయసు, తేదీ.
ఆడా మగా దగ్గర ఆగిపోయాను.

నిన్న మళ్ళీ అదే రోడ్డు.
అరవై మూడు. అరవై నాలుగు.
దవడ బిగిసింది. వేళ్ళు చక్రాన్ని నొక్కాయి.
అరవై ఐదు. అరవై ఎనిమిది.
బండి పోతూనే ఉంది.
భీమిలి దాకా పోయింది.
నా దవడ మాత్రం మంగమారిపేట దాటాక గానీ వదల్లేదు.

డికాషను సీసా పారబొయ్యలేదు.
గేటు బందులకి రాసుకోమన్నాడు నాయుడు, రాశాను.
రాత్రి ఇంటికొస్తే
గేటు కిర్రుమనలేదు.
నేనొచ్చినట్టు
పక్కింటి కుక్కకి కూడా తెలియలేదు.