రెండో సగం

వాళ్ళకి పేరు పెట్టింది నేనేనండి.
సఖినేటిపల్లి రేవులో పంటు రాక
యాంప్లిఫయరు మీద కూచుని బఠాణీలు నవులుతుంటే
"పోస్టరు మీద ఏం రాయమంటావు మావా?" అన్నాడు ఏలియా.
రేవు బోర్డు మీద ఉన్నదే చదివేను:
పరిమితికి మించి ఎక్కరాదు.
నవ్వేరు. "ఎక్కరాదు" కొట్టేసి
మిగతాది ఉంచుకున్నారు.

చర్చి హార్మోనియం మీద పెరిగిన వేళ్ళు ఏలియావి,
కేసియో మీదికి కాపరానికొచ్చేయి.
పెద్దింట్లు డప్పు గడ్డిమంట చూడందే పలికేది కాదు.
స్టేజీ వెనక ఆ మంటకీ నా వైర్లకీ మధ్య
నేను కాపలా.
ఇజ్రాయేలు గిటారుకి ఆరు తీగలు,
అందులో ఒకటి ఎప్పుడూ సైకిలు బ్రేకు వైరే.
ఇక నూకరత్నం.
ఆ గొంతుకి నా మైకు అక్కర్లేదు.
అద్దె నాకు అక్కర.

మొదటి పాట వాళ్ళమ్మది.
మోకాటిలోతు బురదలో మంగాయమ్మ ఎత్తుకునేది
"మడి నిండా నీళ్ళు, నా కుండలో లేవు"
వెనక పదమూడు నడుములు
లేవకుండానే అందుకునేవి.

బెజవాడ కేసెట్ల కంపెనీ ఆయన విని
పెన్ను మూత తీసేడు.
"మొదటి సగం బంగారం. రెండో సగం ఎవడు కొంటాడమ్మా?
నా మనసు నిండా నువ్వు, అని పాడు."
నూకరత్నం నా వైపు చూసింది.
నేను వైరు చుడుతున్నాను.
చుట్టేసిన వైరే విప్పి
మళ్ళీ చుడుతున్నాను.

ఆ ఏడు రాజోలు నుంచి యానాం దాకా
ఆ పాట మోగని ఆటో లేదు.
ఈ ఒడ్డున పెళ్ళిలో పల్లవైతే
నర్సాపురం ఒడ్డున ఇంకో పెళ్ళిలో చరణం.
అట్ట మీద నలుగురి ఫొటో,
కింద చీమల బారులా అక్షరాలు:
రచన, జానపదం.
మంగాయమ్మ మనవడి చేత చదివించుకుని
"ఈ జానపదంగారు ఏ ఊరోరు?" అనడిగింది.
మేం పగలబడి నవ్వేం.
ఆవిడ నవ్వలేదు.

ఎనిమిదేళ్ళు. మూడు కేసెట్లు.
తుఫానుకి నా హారన్లు రెండు
ఎవరి కొబ్బరితోటలోనో తేలేయి.
ఇజ్రాయేలు ఆ పేరుతో కువైట్‌ వీసా రాదని
సూర్యారావై విమానమెక్కేడు.

ఆఖరి ప్రోగ్రాం మలికిపురంలో.
నూకరత్నం పల్లవెత్తి, సగంలో ఆగి,
"నా కుండలో లేవు" అంది.
మాట మర్చిపోయిందనుకున్నారు జనం,
"మనసు నిండా నువ్వూ" అని అందించేరు.
మళ్ళీ పాడింది. మళ్ళీ దిద్దేరు.
అప్పుడు, ఆయ్, అప్పుడు
నేను నాబు ఆఖరిదాకా తిప్పేసేను.
పరిమితికి మించి.
యాంప్లిఫయరు కాలిన వాసన, ఆపైన చీకటి.
ఆ చీకట్లో ఆడాళ్ళ వైపు నుంచి
ఇద్దరో ముగ్గురో అందుకున్నారు.
మంగాయమ్మ ఉందో లేదో తెలీదు.

ఇప్పుడు డీజే కుర్రాళ్ళు కంప్యూటర్లో కలిపి కొడుతున్నారు.
"ఆ డప్పుకి మంటే అక్కర్లేదంట" అంటాడు పెద్దింట్లు,
మెచ్చుకోలో కాదో మొహం చూసి చెప్పలేం.
సగం మడులు రొయ్యల చెరువులయ్యేయి,
బోరు కొడితే ఉప్పు.

మొన్న శివకోడు దాటేక మోపెడు ఆపేను.
మిగిలిన మడిలో ఊడ్పులు.
బెంగాలు నుంచొచ్చిన కూలీలు,
గట్టు మీద ఫోనులో మా పాట.
వాళ్ళ యాసలో వాళ్ళు "మొడి నిండా నీళ్ళూ" అంటున్నారు.
ఒక కుర్రాడు అర్థమేంటని చేత్తో అడిగేడు.
మొదటి సగానికి మడి చూపించేను.
రెండో సగానికి గుండె మీద చెయ్యెయ్యబోయి
ఆగి,
నా ఖాళీ సీసా బోర్లించేను.

పగలబడి నవ్వేడు.
గట్టు మీంచి తన సీసా తీసి
తనూ బోర్లించి చూపించేడు.