ఇంకా

తాంపెరెలో నవంబరు. మూడున్నరకే చీకటి.
లైబ్రరీ మేడ మీది గదిలో పన్నెండు కుర్చీలు.
తలుపు దగ్గరిది నాదని అందరికీ తెలుసు.
ట్యూబులైటు సన్నగా దోమలా పాడుతోంది.
ఈ గదిలో అందరికీ వినిపిస్తుంది,
అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఈ నెల ఇల్వా వచ్చింది, హెల్సింకి నుంచి.
ఆరేళ్ళ కిందట నా పక్క కుర్చీలో
స్వెటరు చేతులు నములుతూ కూర్చున్న ఇల్వా.
ఇప్పుడు తన కింద ముప్పైమంది పనిచేస్తారట.
"నోరు పెగిలేది కాదు, కానీ," అంది.
"బడి మానేశాను, కానీ," అంది.
ఎనిమిది కానీలు లెక్కపెట్టాను.
కానీ అన్నచోటల్లా ఒక తలుపు తెరుచుకుంది,
తను అందులోంచి నడిచి వెళ్ళిపోయింది.

మేం చప్పట్లు కొట్టం. ఆ చప్పుడు మాకు పడదు.
చేతులెత్తి వేళ్ళు ఆడిస్తాం.
నేనూ ఆడించాను. సంతోషంగానే, ఒట్టు.
ఆ సంతోషం అడుగున
బూటులో దూరిన గులకరాయి.

లోకం నన్ను దాటిపోవడం అలవాటే.
తమ్ముడు మార్కు పెళ్ళి, వాడి పడవ, వాడి కవలలు,
అవన్నీ వేరే ఊరి బస్సులు,
నేనెక్కాల్సినవి కావనుకుని ఊరుకున్నాను.
ఇది మా బస్సు.
మా స్టాపులోనే ఆగింది.

నాకు నలభై మూడు.
ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను,
వారానికి మూడు పొద్దులు.
అంచుకి అంచు సరిగ్గా కలిసినప్పుడు
లోపల ఏదో కాసేపు సద్దుమణుగుతుంది.
దీన్ని కథగా చెప్పమంటే
నా దగ్గర చిల్లికానీ లేదు.

ఇవాళ ఆదివారం కాబట్టి
ఏడింటికి అక్క ఫోను, కెమి నుంచి.
"ఇంకా?" అంది, మామూలుగానే, విశేషాలేంటని.
నాకా మాట ఎప్పుడూ రెండోవైపు నుంచే వినబడుతుంది:
ఇంకా ఆ ఒంటిగదిలోనే.
ఇంకా ఆ లాండ్రీలోనే.
ఇంకా.

చెప్పాను:
కొత్త సూపర్‌వైజరు రేడియో పెట్టుకుంటుంది.
తగ్గించమని మంగళవారం అడిగాను.
ఆ వాక్యం కూడబలుక్కోడానికి మూడు రోజులు పట్టింది.
"తగ్గించిందా?"
కొంచెం.

అటువైపు అక్క నవ్విందో, ఏడ్చిందో,
ఫోనులో నాకు తేడా తెలియదు.
అడగాలంటే మరో వాక్యం కావాలి.
తయారవుతోంది,
ఇంకా.