తువ్వాల కింది అంకె

నలభై ఏండ్లు అనంతపురం సంతలో
ఎద్దుల బేరాలు చేసినోణ్ణి నేను.
పండ్లు చూసి వయసు చెప్తా.
ధర మాత్రం నోటితో చెప్పింది లేదు.
తువ్వాల కింద వేలు పట్టుకుంటే వెయ్యి,
మణికట్టు నొక్కితే ఐదొందలు.
ఆనుకోని నిలబడి బీడీ తాగేవానికి కూడా
అంకె తెలిసేది కాదు.

అట్లాంటోణ్ణి
మొన్న బేస్తవారం పొద్దున
ఆరంకెలు
గట్టిగా, ఒక్కొక్కటే, చదివి వినిపించినా.

"ఓబులపతన్నా, బాగుండావా?" అన్నాడు వాడు.
మన యాసే.
నా పేరు తెలుసు. సర్వే నెంబరు తెలుసు.
శెనక్కాయ ఎండిపోయిందనీ తెలుసు.
(ఈ సీమలో అది తెలీనిదెవరికి?
అప్పుడు తట్టలేదు.)

"బీమా లెక్క వచ్చిండాదన్నా,
పన్నెండు దాటితే వాపసు పోతాది.
ఫోను పెట్టేయొద్దు, ఎవరితోనూ అనొద్దు.
మెసేజీలో నెంబరొస్తాది, చెప్పు చాలు."

వంటింట్లోనుంచి సుంకులమ్మ
"ఎవరది?" అని అడిగితే
చెయ్యి అడ్డం పెట్టి ఊరకుండమన్నా.
వాణ్ణి కాదు, ఆమెను.

ఫోను రెండుసార్లు టింగుమన్నాది.
ముప్పై ఎనిమిది వేలు.

బ్యాంకులో షాహీన్ మేడం తిట్టలేదు.
ముందు ఖాతా నిలిపేసింది,
ఒకటి తొమ్మిది మూడు సున్నాకు తానే ఫోన్ కలిపింది.
"లెక్క నీకొచ్చేదానికి ఏ నెంబరూ అక్కర్లేదు పెద్దాయనా,
పోయేదానికే కావాల" అనింది.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
లెక్క పోయిందని కాదు.
వాడు చేసింది నా బేరమే.
ముసలెద్దు కొమ్ములకు నూనె పట్టిచ్చి,
ఉప్పు నాకిచ్చి కడుపు ఉబ్బేదాకా నీళ్లు తాపి,
"పొద్దు గూకుతాంది మామా, బిన్నా తేల్చు,
కదిరాయన అడ్వాన్సు పట్టుకోని నిలబడుండాడు" అని
ఎంతమందిని తొందరపెట్టలేదు నేను?
కదిరాయన ఎవరూ లేడు.
ఎప్పుడూ లేడు.

దళారీ భయపడేది ఒక్కనికే.
"రేపొచ్చి చూస్తాలే" అని
పంచె దులుపుకోని లేచిపోయేవానికి.

ఇప్పుడు ఫోను తువ్వాల్లో చుట్టి పెడతాండా.
సుంకులమ్మ నగుతాది.
నిన్న ఇంగొకడు చేసినాడు, కరెంటాఫీసంట,
బిల్లు కట్టలేదంట, రాత్రి తొమ్మిదికి ఫీజు పీకుతారంట.
"పీకుకో నాయనా" అన్నా.
"తెల్లారినాక నేనే ఆఫీసుకొస్తా.
యాడ కూర్చుంటావో చెప్పు.
నీ పండ్లు చూడాల."