నాలుగో బుట్ట

మంగళవారం మంగళవారం
మద్దిలపాలెంలో మొదటి బస్సు ఎక్కుతాను.
ఒళ్ళో రిజిస్టరు, సంచిలో చేతి తొడుగులు,
మంచు డబ్బాలో పన్నెండు ఎరలు,
ఒక్కోటీ చిక్కుడు గింజంత.
ఆ గింజంతలో ఒక ఆడ రెక్కలపురుగు ఉన్నట్టు.
లేదు.
లేనిదాని వాసన మాత్రం ఉంది.

శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఆపిల్ తోటది.
ఎర్రటి కాయలు, కొమ్మకి వేలాడే తెల్లటి గూడు,
వెనక మంచుకొండ.
నాకు దొరికింది తగరపువలస దాటాక
గోస్తని ఒడ్డున సన్నిబాబు వంగతోట.
వెనక కొండ ఉంది, సగం తవ్వేశారు.
గాలిలో ఉప్పు ఉంది.

కర్రలు పాతి లింగాకర్షక బుట్టలు కట్టాం.
ఆ పేరు పైకి చదివిన రోజు
కలుపు తీసే ఆడవాళ్ళు
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు.
"మగోళ్ళే పడతారేటమ్మా ఇందల?"
మగవే.
"మరి ఆడయ్యో?"
అవి ఆకు కింద గుడ్లు పెట్టుకుంటూ ఉంటాయి.
నా రిజిస్టరులో వాటికి గడి లేదు.

మొదటి బుట్ట: పదకొండు.
రెండు: తొమ్మిది. మూడు: పద్నాలుగు.
ప్లాస్టిక్ తిత్తి అడుగున
తొక్కేసిన ముగ్గులా తెల్లటి రెక్కలు,
వాటి మీద ఇటుకపొడి మచ్చలు.
కొన్ని ఇంకా వణుకుతుంటాయి.
వాటినీ కలిపే రాస్తాను.

సన్నిబాబు వెనకాలే వస్తాడు.
"ఇన్ని సచ్చాయి గదా, పురుగు పోనట్టేనా?"
కాదు బాబూ, ఇది మందు కాదు,
థర్మామీటరు లాంటిది.
జ్వరం ఎంతుందో చెప్తుంది, తగ్గించదు.
అతను వాడిపోయిన మొవ్వు ఒకటి తుంచి
గోటితో చీల్చి, లోపలి గులాబీరంగు పురుగుని
నా కళ్ళ ముందు పెడతాడు.
"దీనికి సెప్పు."

నాలుగో బుట్ట: సున్నా.
పోయిన వారం సున్నా. అంతకు ముందూ.
ఎర మార్చాను. కర్ర ఎత్తు పెంచాను.
గాలి ఎటు వీస్తోందో
గుప్పెడు దుమ్ము ఎగరేసి చూశాను.
ఆఫీసులో మా సారు సంబరపడి
పటంలో ఆ మూల చుట్టూ పచ్చపెన్సిలుతో సున్నా చుట్టాడు:
ఇక్కడ పురుగు లేదు, మందు అక్కర్లేదు.
ఆ మూల కాయలే
పూర్ణామార్కెట్ నుంచి గంపకి సగం వెనక్కొచ్చాయి.

ఇవాళ తిత్తి విప్పబోతే
రబ్బరుబ్యాండు లేదు.
అరటినార. పూలదండకి వేసే ముడి.
నారకి అంటుకుని ఒక బంతిరేక.

పాక ముందు నూకాలమ్మ, సన్నిబాబు తల్లి.
చుట్టూ తొమ్మిది కోడిపిల్లలు.
నేను అడక్కముందే అంది:
"తెల్లారగట్ల దులిపేత్తన్నానమ్మా.
ఊరికే కుళ్ళిపోతన్నాయి గదా.
పిల్లలు సూడు, ఎలగ పెరిగేయో."

నిజంగానే పెరిగాయి.
ఒకదాని ముక్కుకి ఇంకా ఇటుకపొడి.

కోప్పడదామనే వచ్చాను.
ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి
గట్టు మీద కూర్చుని రిజిస్టరు తెరిచాను.
మూడు వారాల సున్నాలు
గంప కింద గుడ్లలా వరసగా ఉన్నాయి.
కొట్టేసి ఏం రాయాలి?
అంకె పట్టే గడిలో "తెలీదు" పట్టడం లేదు.
ఎంత సన్నగా రాసినా చివరి అక్షరం
ఐదో బుట్టలో పడుతోంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు.
ఆనందపురంలో పూలమూటలు ఎక్కాయి.
తొడుగులు వేసుకునే ముట్టుకున్నాను,
రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.
అయినా మధురవాడ దగ్గర లైట్లు వెలిగే వేళకి
ఎక్కణ్ణించి వచ్చిందో ఒక తెల్లటి రెక్కలపురుగు
మణికట్టు చుట్టూ తిరిగి తిరిగి
గాజు మీద వాలింది.
కండక్టరు టిక్కెట్ల కట్టతో కొట్టబోయాడు.
"ఉండనీ" అన్నాను.
మద్దిలపాలెం దాకా
ఒక్క టిక్కెట్టు మీదే వచ్చాం.